సీటు వచ్చింది సరే, ముందేం కొనాలి?

సంపాదకుడు గారికి,

నమస్కారం.

కౌన్సెలింగ్ మొదలైతే చాలు, మీ చదువుల పేజీ నిండా ర్యాంకుల పట్టికలే. ఏ కాలేజీలో ఏ కేటగిరీకి ఎంత ర్యాంకు దాకా సీటు వచ్చిందో వరసగా వేస్తారు. నిరుడు నేనూ కళ్లద్దాలు తుడుచుకుని, వరస తప్పకుండా స్కేలు పెట్టుకుని చదివినవాణ్ణే. దానికి వంక పెట్టడం లేదు. అయితే సీటు వచ్చిన రోజుకీ పిల్ల క్లాసులో కూర్చునే రోజుకీ మధ్య ఓ పది పదిహేను రోజులు ఉంటాయి. వాటి గురించి ఎవరూ ఒక్క ముక్క రాయరు. నేను కూడబెట్టుకున్న డబ్బులో చాలా భాగం ఆ రోజుల్లోనే పోయింది. పోతే పోయింది, వరస తప్పి పోయింది. ఈ ఏడు పిల్లల్ని వెటర్నరీలో చేర్పించబోయేవాళ్లకి అక్కరకొస్తుందని రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను పలమనేరు దగ్గర ఒక పల్లెలో గోపాలమిత్రని. ఇరవై మూడేళ్లుగా ఆవులకి ఎద సూదులు, అంటే చూలు కట్టించే సూదులు, వేస్తూ బతుకుతున్నాను. మా అమ్మాయి బళ్లో చదివేటప్పటి నుంచీ సెలవు రోజుల్లో నా బండి వెనక ఎక్కేది. క్యానులో మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్‌లో ఉన్న స్ట్రాని, అంటే ఎద్దు వీర్యం నింపిన సన్నటి గొట్టాన్ని, తీసి, 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో ముప్పై సెకన్లు ఉంచాలి. ఆ ముప్పై లెక్కపెట్టే పని తనది. అవతల ఇంకో ఊరి నుంచి ఫోను మోగుతుంటే నేను ఇరవైకే తీయబోయేవాణ్ణి. "ఇంకా పది ఉండాయి నాయనా" అని నా చెయ్యి పట్టుకునేది. ఒకసారి పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో పుంగనూరు ఆవుల్ని చూపించడానికి తీసుకెళ్లాను. తన నడుం దాకా వచ్చిన ఆవుని చూసి ఇది దూడా ఆవా అని అడిగింది. అది రెండు ఈతలు ఈనిన ఆవు. ఆ రోజు నుంచే పశువుల డాక్టరు అవుతానని పట్టు.

అలాంటి పిల్లకి తిరుపతి వెటర్నరీ కాలేజీలోనే సీటు వచ్చింది. 1955 నాటి కాలేజీ. మాకు సూదులు నేర్పిన డాక్టర్లలో చాలామంది అక్కడ చదివినవాళ్లే. చుట్టాలు మాత్రం "మనుషుల డాక్టరు సీటు రాలేదా?" అని ఒకటికి రెండుసార్లు అడిగారు. ఈ మాట ఎందుకు చెప్తున్నానో కిందికి పోతే తెలుస్తుంది.

ముందు గది సంగతి. కాలేజీకి హాస్టల్ ఉంది కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. కాగితాల మీద సంతకాలు పెట్టిన సాయంత్రమే గది తాళం చేతికొస్తుందని నాకు నేనే అనుకున్నాను. ఎవర్నీ అడగలేదు, అది నా తప్పే. సర్టిఫికెట్లు చూడటం, ఫీజు కట్టించుకోవడం, గది ఇవ్వడం, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగే పనులు. ఆ వరసలో మాకు ఐదు రోజులు సందు పడింది.

ఆ ఐదు రోజులూ తమిళుల పెరటాసి నెలలో పడ్డాయి. మన జిల్లా వాళ్లకి చెప్పనక్కర్లేదు, పెరటాసి శనివారం వస్తుందంటే తమిళనాడు సగం తిరుపతిలో దిగుతుంది. బస్టాండు ఎదురుగా దేవస్థానం వాళ్ల వసతి గదులు, శ్రీనివాసం దగ్గరికి పోతే లైను రోడ్డు మీదికి వచ్చేసింది. భక్తుల కోసం కట్టినవి, అందులో మేము అడ్డం పడటం కూడా బాగుండదు. లాడ్జీలో మామూలప్పుడు తొమ్మిది వందలకిచ్చే గది ఆ రోజు రెండున్నర వేలు. ఇద్దరం, రెండు ట్రంకు పెట్టెలు, ఒక బకెట్టు, మా ఆవిడ కట్టిచ్చిన రాగి సంగటి. సంగటిని బస్టాండులోనే తిన్నాం.

మరునాడు పొద్దున బాలాజీ కాలనీ నుంచి మొదలుపెట్టి కె.టి.రోడ్డు, భవానీ నగర్ దాకా లేడీస్ హాస్టల్ అని బోర్డున్న గుమ్మమల్లా ఎక్కాం. చివరికి ఒక సందులో నాలుగు మంచాల గదిలో ఒక మంచం దొరికింది. ఒక నెల అద్దె, రెండు నెలల అడ్వాన్సు. "మధ్యలో పోతే అడ్వాన్సు తిరిగి రాదు అన్నా, ముందే చెప్తున్నా" అంది యజమానురాలు. ముందే చెప్పింది నిజమే. నేనే, అలసిపోయి, ఇదొక్కటి అయిపోతే చాలనుకుని కట్టేశాను. ఐదు రోజులు ఉన్న మంచానికి మూడు నెలల డబ్బు.

అక్కడ తెలిసిన ఇంకో సంగతి నేను కలలో కూడా అనుకోనిది. మొదటి ప్రాక్టికల్ నుంచి వచ్చిన సాయంత్రం పాప అప్రాన్ బకెట్టులో నానేసింది. కోసే కళేబరాలు కుళ్లకుండా వాడే ఫార్మలిన్ మందు వాసన. పక్క మంచాల పిల్లలు, పోటీ పరీక్షలకి కోచింగ్ తీసుకునేవాళ్లు, ముక్కులు మూసుకున్నారు. గమ్ బూట్లు వరండాలో పెడితే, పేడ వాసనతో మిగతావాళ్లు గొడవ చేస్తారని యజమానురాలు గేటు బయట పెట్టించింది. ఆమె మీద కోపం రాలేదు. మా ఆవిడ కూడా నా బూట్లని ఇరవై మూడేళ్లుగా పాకలోనే పెట్టిస్తోంది. కానీ గది చూసేటప్పుడు అద్దె, అన్నం, గేటు ఎన్ని గంటలకి వేస్తారు అని అడిగానే గానీ, ఈ బట్టలు ఎక్కడ ఉతుక్కోవాలి, ఎక్కడ ఆరేసుకోవాలి అని అడగాలని తట్టలేదు. వెటర్నరీ పిల్లకి బయట గది చూసేవాళ్లు అన్నింటికన్నా ముందు అది అడగండి. వెనకవైపు ఒక కొళాయి, ఒక దండెం విడిగా ఉన్న ఇల్లయితే వంద రూపాయలు ఎక్కువైనా మంచిదే. ఆరో రోజుకి హాస్టల్ గది వచ్చింది. అక్కడ అందరి అప్రాన్లదీ ఒకటే వాసన కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఇక లాప్‌టాప్. ఈ విషయంలో నాది తెలియనితనం కాదు, గొప్పలకు పోవడం. లాప్‌టాప్ డబ్బా చేత్తో పట్టుకుని పల్లె బస్సు దిగుతుంటే నలుగురూ అడగాలని నాకుండేది. మా బావమరిది కొడుకు బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం. ఫోన్లో అడిగితే పదహారు జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఇంకా ఏవేవో చెప్పాడు. వాడికి తెలిసిన పని వాడు చెప్పాడు. షాపులో కుర్రవాడికి ఆ మాటలు చెప్పగానే మొహం వెలిగిపోయింది. "ఇది తీసుకోండి సార్, ఐదేళ్లు చూడక్కర్లేదు" అని ఒక నల్లటిది తీసి పెట్టాడు. కీబోర్డు కింద ఎర్ర లైట్లు. డెబ్బై ఎనిమిది వేలు. చేత్తో ఎత్తి చూశాను, రెండున్నర కిలోల దాకా ఉంది, ఛార్జర్ విడిగా ఇటుకరాయంత. ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చి, మిగతాది రేపు బ్యాంకులో తీసి కడతానని వచ్చాను.

మరునాడు కాలేజీ గేటు దగ్గర టీ తాగుతుంటే ఒక అమ్మాయి పాపని పలకరించింది. వెటర్నరీలోనే పై చదువు, ఎం.వి.ఎస్సీ. చేస్తోందట, వాళ్లది కూడా మా వైపే. నేను లాప్‌టాప్ గురించి కాస్త గర్వంగానే చెప్పాను. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుని, "అంకుల్, మొదటి ఏడాది మాకు అనాటమీ, ఫిజియాలజీ, పశువుల పెంపకం, ఇవీ సబ్జెక్టులు. ఎముకలు చేత్తో పట్టుకుని తిప్పి తిప్పి చదవాలి. రికార్డులో బొమ్మలు పెన్సిల్‌తో వేయాలి. గేములు ఆడే లాప్‌టాప్‌తో ఏం చేస్తుంది?" అంది.

మేడమ్‌లు పంపే స్లైడ్లు చూసుకోవడానికి, పీడీఎఫ్ పుస్తకాలు చదువుకోవడానికి, సెమినార్‌కి పీపీటీ తయారు చేసుకోవడానికి, అసైన్‌మెంట్లు టైప్ చేసుకోవడానికి, వీటికే లాప్‌టాప్ కావాలని చెప్పింది. ఎనిమిది జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే బోలెడు. కిలోన్నర బరువుకి మించకూడదు, ఎందుకంటే అదే సంచిలో అప్రాన్, డిసెక్షన్ డబ్బా, రికార్డులు కూడా మోయాలి. బ్యాటరీ ఆరేడు గంటలు రావాలి. సర్వీసు సెంటరు తిరుపతిలోనే ఉందో, చిన్న రిపేరుకి కూడా చెన్నై పంపుతారో కొనకముందే కనుక్కోవాలి. తర్వాత ఒక మాట అంది, అది నాకు బాగా పట్టింది: "ఇది ఐదున్నరేళ్ల చదువు అంకుల్. నాలుగున్నరేళ్లు క్లాసులు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ఇప్పుడు కొన్నదాని బ్యాటరీ మూడు నాలుగేళ్లకి అయిపోతుంది. ఇప్పుడు మామూలుది కొనండి. ఆ మిగిలిన డబ్బు అలాగే ఉంచండి, పై తరగతుల్లో నిజంగా అవసరం పడితే అప్పుడు చూసుకోవచ్చు."

పాల బూత్‌లో పాడి లెక్కలు చూసుకునే వాణ్ణి, ఈ లెక్క నాకు తట్టకపోవడమేమిటో. ఎనిమిది లీటర్ల ఆవుకి పదిహేను లీటర్ల ఆవు దాణా పెట్టినట్టు చేయబోయాను.

షాపుకి పోతే అడ్వాన్సు వెనక్కి ఇవ్వనన్నాడు. గంటసేపు కూర్చున్నాక అదే ఐదు వేలు చిన్న లాప్‌టాప్‌కి సర్దాడు. మొత్తం నలభై నాలుగు వేలు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకుని, డబ్బా మీది నంబరుకి ఫోనులో ఫోటో తీసుకున్నాం. ఒక స్పైక్ గార్డు కూడా తీసుకున్నాం, ఇది మాత్రం మరిచిపోవద్దు, హాస్టల్ గదిలో ప్లగ్గు ఎప్పుడూ మనం కూర్చునే చోటికి దూరంగానే ఉంటుంది. ఇంకో సంగతి. లాప్‌టాప్ మొదటి మూడు వారాలు ట్రంకు పెట్టెలోనే ఉంది. ఫోనుతోనే గడిచిపోయింది. అంటే దసరా పోయాక నిదానంగా కొన్నా ఏ నష్టమూ లేకపోయేది.

బకెట్టు, దుప్పటి, దోమతెర, తాళం లాంటివి తిరుపతిలో ఎక్కడైనా దొరుకుతాయి, ఊరి నుంచి మోసుకురావద్దు. తెల్ల అప్రాన్లు మూడు కుట్టించండి, రెండు చాలవు. గమ్ బూట్లు మందపాటి సాక్సు తొడుక్కుని సరిచూసుకుని తీసుకోవాలి.

డిసెక్షన్ డబ్బా దగ్గర ఆగాలి. ఒక సర్జికల్ షాపుకి పోయాం. కౌంటరులో ఆయన "మెడికలా?" అని అడిగాడు. అవునన్నాను. పశువుల మెడికల్ అని నోరు రాలేదు. మనుషుల డాక్టరు సీటు రాలేదా అని చుట్టాలు అడిగిన మాట ఇంకా చెవిలో ఉన్నట్టుంది. పాప పక్కనే నిలబడి నా మొహం చూసింది, ఏమీ అనలేదు. ఆయన డబ్బా కట్టిచ్చాడు. బ్లేడు తగిలించుకునే మూడో నంబరు పిడి, రెండు ఫోర్సెప్సు (పట్టకార్లు), కత్తెర. బ్లేళ్ల ప్యాకెట్టు విడిగా కావాలంటే, పాప దగ్గరున్న జాబితాలో ఇరవై రెండు అని ఉంది కాబట్టి ఇరవై రెండో నంబరు ఇచ్చాడు. బాగానే ఉందనుకున్నాం.

మొదటి డిసెక్షన్ రోజు టేబుల్ మీద ఎనుము దూడ. ఈ పిల్ల బ్లేడుని పిడికి ఎక్కించబోతే ఎక్కలేదు. తిప్పి చూసింది, ఎక్కలేదు. మూడో నంబరు పిడికి పది నుంచి పదిహేను దాకా ఉన్న చిన్న బ్లేళ్లే పడతాయి. ఇరవై, ఆ పైవి నాలుగో నంబరు పిడికి. ఎనుము తోలు కోయడానికి పెద్ద బ్లేడు, దానికి తగ్గ పిడి కావాలి. షాపాయన మెడికల్ అనగానే అలవాటుగా మూడో నంబరు పెట్టాడు, నేను ఆయనకి సరైన మాట చెప్పలేదు. ఆ రోజంతా పక్క అమ్మాయి కోస్తుంటే మా పాప ఫోర్సెప్సుతో తోలు పట్టుకుని నిలబడింది. రాత్రి ఫోను చేసి, "నాయనా, ఈసారి ఎవరైనా అడిగితే పశువుల మెడికల్ అని చెప్పు" అంది. నేను "సరే పాపా" అన్నాను. అంతకుమించి ఏమనగలను?

ఇప్పుడు అసలు సంగతి. దీని కోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, మిగతావన్నీ ముందొచ్చి కూర్చున్నాయి.

ఏడెనిమిదేళ్ల కింద, మామిడి కాయలు దిగే రోజుల్లో, ఒక రైతు ఫోను చేశాడు. ఆవు మేత ముట్టడం లేదు, నోట్లో నుంచి చొంగ కారుతోంది, అరుపు బొంగురుపోయింది. మా వైపు తోపుల్లో రాలిన కాయలు తిని పశువులకి గొంతులో టెంక ఇరుక్కోవడం మామూలే. అదే అనుకున్నాం. రైతు ముట్టె పట్టుకున్నాడు, నేను చెయ్యి నోట్లో పెట్టి గొంతు దాకా తడిమాను. గ్లౌజు లేదు. వేలికి, ఎద సూది వేసే గన్ను గీసుకున్న పాత గీత ఉంది. టెంక లేదు. మూడో రోజు ఆవు చచ్చిపోయింది. డాక్టరుగారు అనుమానించి మెదడు ముక్క ల్యాబుకి పంపిస్తే రేబిస్ అని తేలింది. రెండు నెలల కింద పిచ్చికుక్క కరిచిందట, చిన్న గాటే కదా అని ఎవరికీ చెప్పలేదట. నేనూ ఆ రైతూ, ముట్టె తుడిచిన వాళ్ల అమ్మా, అందరం ప్రభుత్వ ఆసుపత్రికి పరిగెత్తి సూదులు వేయించుకున్నాం. సూదులు అయిపోయినా చాలా రోజులు రాత్రిళ్లు లేచి నీళ్లు తాగి చూసుకునేవాణ్ణి, గుటక పడుతోందా లేదా అని.

ఇంత జరిగినవాణ్ణి. అలాంటిది నా కూతురు పశువుల డాక్టరు చదువుకి పోతుంటే లాప్‌టాప్‌లో ఎర్ర లైట్లు చూస్తూ కూర్చున్నానే గానీ, టీకా సంగతి చివరికి గుర్తొచ్చింది. కుక్క కరవకముందే వేయించుకునే రేబిస్ టీకా ఉంది. మూడు డోసులు: మొదటిది వేసిన రోజు, ఏడో రోజు, ఇరవై ఒకటో రోజు గానీ ఇరవై ఎనిమిదో రోజు గానీ. అంటే దాదాపు నాలుగు వారాల పని. అది చేయించుకున్నవాళ్లకి తర్వాత ఎప్పుడైనా కుక్క కరిచినా రెండు సూదులతో సరిపోతుంది, గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. సీటు ఖాయమైన రోజే మొదటి డోసు వేయించి ఉంటే, ప్రాక్టికల్స్ ఊపందుకునేసరికి పూర్తయిపోయేది. మేము క్లాసులు మొదలయ్యాక మొదలుపెట్టాం. రెండో డోసుకీ మూడో డోసుకీ మధ్య ఉండగా ఫామ్‌లో కుక్కపిల్లల్ని ఎత్తుకుని ఫోటో పంపించింది, నాకు ఆ రాత్రి నిద్ర లేదు. ధనుర్వాతం సూది సంగతి కూడా అప్పుడే చూసుకోండి. ఇంటర్‌లో వేయించాం కదా అని అనుకోకుండా, ఎప్పుడు వేయించారో కాగితం చూడండి.

కాబట్టి మీ పత్రికని అడిగేది ఒకటే. ఈ ఏడు వెటర్నరీ ర్యాంకుల పట్టిక వేసిన రోజు, దాని పక్కనే అర పేజీ ఖాళీ ఉంచండి. తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, ఏ కాలేజీ వాళ్లయినా సరే, రెండో ఏడాది పిల్లల చేత రాయించండి. మాలాంటి పెద్దవాళ్ల చేత వద్దు, మేము లాప్‌టాప్ దగ్గరే మొదలుపెడతాం. ముందు ఏ సూది, తర్వాత ఏ వస్తువు, ఏ పిడికి ఏ బ్లేడు, గది దొరకని నాలుగు రోజులు ఎక్కడ తలదాచుకున్నారు, ఏది కొనకుండా ఉంటే బాగుండేది, ఇవి వాళ్లకి బాగా తెలుసు. ఎం.వి.ఎస్సీ. అమ్మాయి టీ తాగుతూ పది నిమిషాల్లో చెప్పిన మాటలకి నాకు ముప్పై నాలుగు వేలు మిగిలాయి. ఆ టీ డబ్బులు కూడా తనే ఇచ్చింది. పశుసంవర్ధక శాఖ వాళ్లు ఇది చదివితే, గోపాలమిత్రల పిల్లలూ పాడి రైతుల పిల్లలూ చేరే ఈ చదువుకి, చేరకముందే దగ్గరి ఆసుపత్రిలో టీకా వేయించే ఏర్పాటు ఆలోచించమని మనవి.

ఆ ఇరవై రెండో నంబరు బ్లేళ్లకి పాప ఇప్పుడు నాలుగో నంబరు పిడి కొనుక్కుంది. మూడో నంబరు పిడి ఇంటికి తెచ్చేసింది. మా ఆవిడ దానికి చిన్న బ్లేడు పెట్టించుకుని, జాకెట్ల కుట్లు ఊడదీయడానికి వాడుతోంది.

ఇట్లు,
ఒక గోపాలమిత్ర,
పలమనేరు మండలం, చిత్తూరు జిల్లా.